అలవాటు లేనిదల్లా నిషిద్ధం కాదు

భూమిలో సంచరించి చూడమని దివ్య ఖుర్‌ఆన్ పదేపదే ఉద్బోధిస్తుంది. మనలో చాలామంది సంచరిస్తూనే ఉన్నారు. ఉద్యోగరీత్యా కొందరు, వ్యాపారరీత్యా కొందరు, పిల్లల చదువుల కోసం, పెద్దల వైద్యం కోసం మరికొందరు ఊళ్లు దాటి వెళ్తున్నారు. అయితే ‘చూడడం’ అనే రెండో భాగం దగ్గరే చిక్కు వస్తోంది. కొత్త ఊళ్లో దిగిన మొదటి పూటే ‘ఇక్కడ మన తిండి ఎక్కడ దొరుకుతుంది?’ అని వాకబు మొదలవుతుంది. దొరికితే ఊరు మంచిది, దొరక్కపోతే ఊరు చెడ్డది. తిరిగి వచ్చాక ఆ ఊరి విశేషాలేమిటని ఎవరైనా అడిగితే, ‘తిండికి చాలా ఇబ్బంది పడ్డామండీ’ అన్నదే మొదటి మాట. చాలాసార్లు అదే చివరి మాట కూడా.

తిండి చిన్న విషయం కదా అని కొందరికి అనిపించవచ్చు. కాని ఒక సమాజం మరో సమాజాన్ని చిన్నచూపు చూడడం సాధారణంగా వంటింటి దగ్గరే మొదలవుతుంది. వాళ్లేం తింటారో, ఎలా తింటారో చెప్పుకుని నవ్వుకోవడంతో మొదలై, వాళ్లతో మనకు పొత్తే కుదరదనే దాకా పోతుంది. ఇది మనకు తెలియని సంగతి కాదు. మన ఇంటి గిన్నె గురించి ఇతరులు అనుకునే మాటలు మన చెవిన పడుతూనే ఉన్నాయి. కనుక ఇతరుల గిన్నె ముందు ఎలా కూర్చోవాలో మనకు మరింత బాగా తెలిసి ఉండాలి.

ఆమధ్య వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మేము నలుగురం కేరళలోని మలబారు ప్రాంతానికి వెళ్లి, కోజికోడ్, తలశ్శేరి, పొన్నాని పరిసరాల్లో పది రోజులు తిరిగి వచ్చాం. నిజానికి అది మనకు మరీ పరాయి సీమ కాదు. 1953 దాకా గుంటూరు, కర్నూలు, కోజికోడ్ ఒకే మద్రాసు రాష్ట్రంలోని ఊళ్లు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, కేరళ రాష్ట్రాలు ఒకే రోజున ఏర్పడ్డాయి. అయినా ఆ నేల, ఆ భాష, ఆ భోజనం మనలో చాలామందికి కొత్తే. ఆ పది రోజుల్లో చూసినవాటిని ఆధారం చేసుకుని నాలుగు మాటలు పాఠకులతో పంచుకోవాలని మా ఉద్దేశం.

వాన తినిపించే తిండి

రైలు పాలక్కాడు కనుమ దాటేసరికి నేల రంగు మారిపోతుంది. అప్పటిదాకా కిటికీలోంచి కనిపించిన తుమ్మ చెట్లు, ఎండు చేలు వెనకబడిపోయి కొబ్బరి, పోక, పనస, అరటి, చెట్టు చెట్టుకూ అల్లుకున్న మిరియపు తీగలు ఎదురవుతాయి. కోజికోడ్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన అనంతపురంలో కురిసేది దాదాపు 550. అంటే అనంతపురంలో ఐదేళ్లకు పైగా కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుందన్నమాట. అలాంటి నేల మీద జొన్న, వేరుశనగ పండించమంటే పండుతాయా? అక్కడ కాసేది కొబ్బరి, కనుక వంట కొబ్బరినూనెతో. చేతికందేది సముద్రపు చేప, కనుక కూరల్లో దానిదే పైచేయి. కొండల్లో పండేవి మిరియాలు, అల్లం, ఏలకులు, కనుక వంటల్లోని ఘాటు వాటిదే. పనసపండును కేరళ ప్రభుత్వం 2018లో రాష్ట్ర ఫలంగా ప్రకటించింది. ఆ కాలంలో వెళ్తే పచ్చి పనస కూర, పనస గింజల వేపుడు, పనస తొనల చిప్స్ ప్రతి ఇంటా కనిపిస్తాయి.

మన తెలుగువారికి కొబ్బరినూనె అంటే తలకు రాసుకునేది. మాలో ఒకాయన మొదటి రోజు చేపల వేపుడు వాసన చూసి ‘ఇది తినడానికా, దువ్వుకోవడానికా?’ అని చమత్కరించారు. నాలుగో రోజుకు ఆయనే ఆ నూనెలో వేయించిన అరటికాయ చిప్స్ రెండు కిలోలు పొట్లం కట్టించారు. అన్నం విషయమూ అంతే. సన్నబియ్యానికి అలవాటుపడిన కంటికి ఆ ఎర్రచారల లావు మెతుకు మొదట మింగుడుపడదు. కాని పులుసు పోసి కలిపితే ఆ మెతుకు చెదరదు, ముద్ద కాదు, ఆకలిని చాలాసేపు ఆపుతుంది. హోటల్లో కూర్చోగానే లేత ఎరుపు రంగు వేడినీళ్లు గ్లాసులో పోస్తారు. అదేదో రంగు కలిపిన నీరని కొత్తవాళ్లు పక్కకు నెడతారు. అది పదిముఖమనే చెట్టు చెక్క వేసి కాచిన మంచినీరు. వానసీమలో నీటిని కాచి తాగడం ఎంత తెలివైన పద్ధతో వేరే చెప్పనక్కర్లేదు.

ఇబ్న్ బతూతా భోజనం

ఈ వేడినీళ్ల అలవాటు నిన్న మొన్నటిది కాదు. మొరాకోలోని టాంజియర్‌లో 1304లో పుట్టిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఢిల్లీ సుల్తాను దూతగా చైనాకు బయలుదేరి, 1342 ప్రాంతంలో ఈ పడమటి తీరం వెంట ప్రయాణం చేశాడు. మలబారుకు ఎగువన ఉన్న హొన్నావర్ సుల్తాను జమాలుద్దీన్ విందు గురించి ఆయన వివరంగా రాశాడు. రాగి పళ్లెంలో అన్నం వడ్డించి, పైన నెయ్యి పోసి, పక్కన ఉప్పులో ఊరవేసిన మిరియపు గుత్తులు, పచ్చి అల్లం, నిమ్మ, మామిడి ఊరగాయలు పెట్టారట. ఆ తర్వాత కోడి, చేప, కూరగాయలు వరసగా వచ్చాయట. చివర పెరుగు వడ్డించారంటే ఇక వేరే ఏమీ లేవని గుర్తట. భోజనానంతరం వానకాలంలో చన్నీళ్లు పడవని వేడినీళ్లు తాగారట.

ఊరగాయతో మొదలై పెరుగుతో ముగిసే ఆ భోజనాన్ని చదివిన తెలుగువాడెవడైనా ‘ఇది మా ఇంటి విస్తరే’ అనుకోకుండా ఉండలేడు. కాని గోధుమ రొట్టె తిని పెరిగిన ఆ మొరాకో మనిషికి అది ఎంత కొత్త! మరోసారి ఆ సుల్తాను దగ్గర పదకొండు నెలలు రొట్టె ముఖం చూడకుండా గడిపానని, ఈ తీరాల్లోనూ మాల్దీవుల్లోనూ సింహళంలోనూ మూడేళ్లు అన్నమే తిని చివరికి నీళ్లతో తప్ప మింగలేకపోయానని ఆయనే చెప్పుకున్నాడు. విసుగును దాచలేదు. అయితే ఆ విసుగు ఆయన కళ్లు కప్పలేదు. కొబ్బరికాయ నుంచి ఏమేం తీస్తారో, పనస ఎక్కడ కాస్తుందో, తమలపాకు ఎలా వేసుకుంటారో శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ రాతల వల్లనే సుమారు ఆరువందల ఎనభై ఏళ్ల నాటి పళ్లెం ఈనాడు మన కళ్ల ముందుంది. తిండి దొరకలేదని వాపోయి ఊరుకుని ఉంటే మనకేం మిగిలేది?

మలబారు దారి గురించి ఆయన రాసిన మరో సంగతి కూడా గమనించదగినది. ఆనాటి ఆచారం ప్రకారం అక్కడి ముస్లిమేతరులు ముస్లిములను ఇళ్లలోకి రానిచ్చేవారు కారు, తమ పాత్రల్లో పెట్టేవారు కారు. అయినా దారిలో ముస్లిముల ఇళ్లు లేనిచోట అన్నం వండి అరటాకులో వడ్డించి, ఆకలితో ఉన్న బాటసారిని పంపేవారట. ఆచారం కట్టిన గోడ ఉన్నా అన్నం దాన్ని దాటి వచ్చింది. ఇబ్న్ బతూతా ఆ గోడనూ రాశాడు, ఆ అన్నాన్నీ రాశాడు. చూసినదాన్ని చూసినట్టు చెప్పడమంటే అదే.

రాతికాయల పళ్లెం

కోజికోడ్‌లో ఒక కుటుంబం మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఇంటి యజమాని పెద్దవారు. ఆయనకు మలయాళం తప్ప మరో భాష రాదు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కుమారుడు హిందీలో మాకూ ఆయనకూ మధ్య వారధి అయ్యాడు. సుప్రా పరిచారు. మొదట వచ్చిన పళ్లెంలో కల్లుమ్మక్కాయలున్నాయి. అంటే రాతిమీది కాయలని అర్థం. అవి సముద్రపు బండలను అంటిపెట్టుకుని పెరిగే ఆల్చిప్పల వంటి జీవులు. చిప్ప తెరిచి, బియ్యప్పిండి, కొబ్బరి కూరి, ఆవిరిపై ఉడికించి, మసాలా పట్టించి వేయిస్తారు. అక్కడ ఇది అతిథికి పెట్టే గొప్ప వంటకం.

మాలో ఒక యువకుడు మెల్లగా ‘ఇది హరామ్ కదా’ అన్నాడు. మాతో ఉన్న పెద్దాయన వెంటనే చేత్తో వారించారు. యజమానితో చిరునవ్వుతో ‘మా వైపు దీని అలవాటు లేదండీ, ఆ పత్తిరి ఇటు ఇప్పించండి’ అన్నారు. ఆ ఇంటివారు ఏమీ నొచ్చుకోలేదు, పత్తిరి జరిపారు. బస చేరుకున్నాక ఆ యువకుడికి ఆయన చెప్పిన మాటల సారాంశం ఇది.

మన తెలుగు ప్రాంతాల్లో ఎక్కువమంది హనఫీలు. హనఫీ ధర్మవేత్తలు నీటి జీవుల్లో చేపను మాత్రమే ధర్మసమ్మతంగా ఎంచారు. రొయ్య చేపల కోవలోకి వస్తుందా రాదా అని వారిలోనే చర్చ ఉంది. మలబారు ముస్లిములు షాఫయీలు. సముద్రపు వేటను అనుమతించిన ఖుర్‌ఆన్ ఆదేశాన్ని షాఫయీ ధర్మవేత్తలు విస్తృతార్థంలో తీసుకుని ఇతర సముద్ర జీవులను కూడా అనుమతించారు. రెండు పక్షాలవారూ అదే గ్రంథాన్ని, అదే ప్రవక్త సంప్రదాయాన్ని ఆధారం చేసుకున్న విద్వాంసులే. మన పద్ధతి ప్రకారం మనం తినకపోవడం మన నిష్ఠ. వాళ్ల పద్ధతి ప్రకారం వాళ్లు తింటున్నదాన్ని వాళ్ల ఇంట్లోనే కూర్చుని నిషిద్ధమనడం మన అజ్ఞానం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలో ఇందుకు స్పష్టమైన ఆదర్శం ఉంది. ఒకసారి ఆయన సతీమణి మైమూనా ఇంట్లో ఉడుము వంటి ఎడారి జంతువు మాంసం కాల్చి తెచ్చారు. అదేమిటో తెలియగానే ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ అడిగారు. కాదనీ, తమ వారి నేలలో అది ఉండదు కనుక తమకు మనసొప్పడం లేదనీ ప్రవక్త (స) జవాబిచ్చారు. ఖాలిద్ ఆ మాంసాన్ని తన వైపు జరుపుకుని, ఆయన చూస్తుండగానే తిన్నారు. ఆ జంతువు విషయమై ధర్మవేత్తలు తర్వాత ఎంతో చర్చించారు. మనకిక్కడ కావలసింది ఆ సంభాషణలోని మర్యాద. తనకు సహించని దాన్ని ఆయన తినలేదు. తనకు సహించలేదన్న కారణంతో దాన్ని నిషిద్ధమనీ అనలేదు. ఎదుటివారు తింటుంటే ముఖం చిట్లించలేదు. ఏ ఆహారానికీ ఆయన వంక పెట్టేవారు కాదని, ఇష్టమైతే తిని లేకుంటే వదిలేసేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి.

అలవాటు లేనిదానికీ నిషిద్ధమైనదానికీ మధ్య ఉన్న ఈ గీతను చెరిపేయడమే నేడు మనం చూస్తున్న పెద్ద పొరపాటు. నిషిద్ధాలు కొన్నే, వాటిని లెక్కపెట్టి చెప్పవచ్చు. అలవాటు లేనివి మాత్రం ఊరు దాటిన కొద్దీ పెరుగుతూనే ఉంటాయి. ఆ రెండింటినీ ఒకటి చేస్తే మన ఊరి పొలిమేరే ధర్మానికి పొలిమేర అయి కూర్చుంటుంది.

నేల రుచి, నమ్మకం రుచి

మలబారు ముస్లిముల వంట చూస్తే ఒక నేలా ఒక నమ్మకమూ కలిసి ఎలా కాపురం చేస్తాయో అర్థమవుతుంది. పత్తిరి అంటే వేడినీళ్లలో ఉడికించిన బియ్యప్పిండిని పలచగా వత్తి, నూనె లేకుండా పెనం మీద కాల్చిన రొట్టె. మన పల్లెల్లోని బియ్యప్పిండి రొట్టెకు అది దూరపు చుట్టం. గోధుమ పండని నేల రొట్టెను వదులుకోలేదు, బియ్యంతో చేసుకుంది. తలశ్శేరి బిర్యానీకి బాస్మతి వాడరు. కైమా అనే పొట్టి, సన్నని, సువాసన బియ్యం వాడతారు. కారం తక్కువ, నెయ్యి వాసన ఎక్కువ. హైదరాబాదీ బిర్యానీతో పోల్చి పెదవి విరిచేవారు రెండు రుచులనూ పోగొట్టుకుంటారు. అన్నను తమ్ముడితో పోల్చి ఎవరు గొప్పని అడిగితే తల్లి ఏం చెబుతుంది?

గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే ‘అలీసా’ను అక్కడ తిన్నప్పుడు మా అందరికీ ఒకేసారి హలీం గుర్తొచ్చింది. గుర్తురావడం సహజమే. రెండింటికీ మూలం అరబ్బుల హరీస్. యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి ఓడల మీద వచ్చినవారు మలబారులో స్థిరపడ్డారు. అదే హజ్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవారి వారసులు హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు. బార్కస్‌లో నేటికీ హరీస్ తీపిగానూ ఉప్పగానూ వండుతారు. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకే గిన్నె రెండు తీరాలు చేరి, రెండు నేలల రుచి పుచ్చుకుందన్నమాట.

కొత్తల్లుడికి అక్కడివారు చేసే మర్యాద వింటే గోదావరి జిల్లాలవారు కూడా ఔరా అనాల్సిందే. కోజికోడ్, తలశ్శేరి, కణ్ణూరు ప్రాంతాల్లోని పాత ముస్లిం కుటుంబాల్లో అల్లుడు అత్తవారింటికి రావడమే ఆచారం. పుదియాప్పిళ అని పిలిచే ఆ కొత్తల్లుడికి రోజుకో రకం వండిపెడతారు. ఉడికించిన అరటిపండును మెదిపి కొబ్బరి, చక్కెర కూరి వేయించే ఉన్నక్కాయ, గుడ్డు సొనను పాకంలో సన్నని దారాల్లా పోసి తీసే ముట్టమాల వాటిలో కొన్ని. ఈ ముట్టమాల వంటి తీపి పోర్చుగల్‌లోనూ ఉంది.

మన మిరప ఎక్కడిది?

పోర్చుగీసు ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. 1498లో వాస్కో డ గామా కోజికోడ్ దగ్గరి తీరం చేరింది ముఖ్యంగా మిరియాల కోసమే. ఆ రాకతో మలబారు చాలా కష్టాలు పడింది. కోజికోడ్ కుట్టిచ్చిరలోని మిష్కాల్ మసీదును 1510లో పోర్చుగీసువారు తగలబెట్టారు. అయితే అదే పోర్చుగీసు ఓడల వెంట అమెరికా ఖండాల నుంచి మిరపకాయ, కర్రపెండలం, జీడిమామిడి, బొప్పాయి మన దేశానికి వచ్చాయి. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియమే. ఇవాళ గుంటూరు పేరు చెబితే మిరప గుర్తొస్తుంది. గోంగూర పచ్చడి నుంచి బిర్యానీ దాకా మిరప లేనిదే మనకు ముద్ద దిగదు. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల్లో సగ్గుబియ్యం తయారయ్యేది కర్రపెండలం నుంచే. కేరళలో అదే దుంపను ఉడికించి చేపల పులుసుతో తింటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బర్మా బియ్యం రావడం ఆగిపోయినప్పుడు తిరువాంకూరు పేదల ప్రాణాలు నిలిపింది ఆ దుంపే.

‘మన తిండి’ అని మనం గుండెలకు హత్తుకునేది కూడా ఒకప్పుడు ఎక్కడి నుంచో వచ్చిన అతిథే. మన పెద్దలు దానికి ఈసడింపుతో తలుపు వేసి ఉంటే నేడు మనకు ఎర్రకారమే లేదు.

అడగాలి, ఈసడించరాదు

ఏది పెడితే అది కళ్లు మూసుకుని తినమని మా ఉద్దేశం కాదు. ధర్మసమ్మతమా కాదా అని విచారించడం విశ్వాసి బాధ్యత. కేరళలో అప్పం పిండిని పొంగించడానికి పూర్వం కల్లు కలిపేవారు, ఇప్పుడు ఎక్కువచోట్ల ఈస్టు వాడుతున్నారు. అనుమానం ఉంటే అడగవచ్చు. మాంసం ఎలా కోసిందని అడగవచ్చు. తెలియనిచోట అరటాకు మీద కూరగాయల భోజనం ఎలాగూ ఉంది, అది ఏ విందుకూ తీసిపోదు. మేము అడిగిన ప్రతిచోటా ఓపిగ్గా జవాబు చెప్పారు. అడిగే తీరును బట్టే జవాబు ఉంటుంది. వంటవాడి ముఖం చూసి అడిగేది ప్రశ్న. గిన్నె చూసి ముక్కు మూసుకుని అడిగేది నింద.

ఇటీవల మరో ధోరణి బలపడుతోంది. కోజికోడ్ వెళ్లినా, కర్నూలు వెళ్లినా, కరీంనగర్ వెళ్లినా వీధికో మండీ హోటల్ కనిపిస్తోంది. మండీ మంచి వంటకమే, దానిపై మాకు కోపం లేదు. కాని వెయ్యి కిలోమీటర్లు వెళ్లి మన వీధి చివర దొరికేదే తిని వస్తే ఆ ప్రయాణం ఎందుకు? ఇంటింటా ఆడవాళ్ల చేతుల్లో బతికిన పత్తిరి, ఉన్నక్కాయ, మన వైపు జొన్నరొట్టె, రాగిసంకటి అడిగేవారు లేక వెనక్కి పోతున్నాయి. అడిగి తినే అతిథి ఉంటేనే వండే చేయి ఉంటుంది. దుబాయ్, కువైట్‌లలో పనిచేసి వచ్చిన మన కడప, కరీంనగర్ సోదరులకు ఈ విషయం ఇంకా బాగా తెలుసు. పరదేశంలో జేబు ఖాళీగా ఉన్న రోజుల్లో మలబారువాళ్ల చిన్న హోటళ్లలో పరోటా, సులైమానీ చాయ్‌తో కడుపు నింపుకున్న వారెందరో ఉన్నారు.

ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన వాటిని తినమని ఖుర్‌ఆన్ ఒకచోట చెప్పినప్పుడు ఆ పిలుపు మానవులందరినీ ఉద్దేశించినది. భూమి మీద ఉన్నవాటిలోంచి అని చెప్పింది కాని మన ఊళ్లో ఉన్నవాటిలోంచి అని చెప్పలేదు. ఒక సీమలో జొన్న, ఒక సీమలో వరి, ఒకచోట కొబ్బరి, ఒకచోట ఖర్జూరం పెంచినవాడు ఒక్కడే.

మన ఇంటికి వచ్చిన అతిథి మన కూర వాసనకు ముఖం తిప్పుకుంటే మనకు కోపం వస్తుంది. పిల్లల టిఫిన్ డబ్బా చూసి బడిలో ఎవరైనా వెక్కిరిస్తే ఆ రోజు ఇంట్లో అందరి మనసూ చిన్నబోతుంది. ఆ బాధ తెలిసినవారు మరొకరిని అలా బాధపెట్టకూడదు. మనం కోరే మర్యాదను ముందు మనం ఇవ్వాలి. సెలవులకు ఈసారి ఏ కొత్త సీమకు బయలుదేరినా ఊరగాయ సీసా పెట్టుకోండి, తప్పులేదు. కాని ఆ ఊరి అన్నం ముందుకొచ్చినప్పుడు మీ సీసా మూత తీసేముందు వాళ్ల కూర ఒక్క ముద్ద కలుపుకోండి. పక్కనున్న పిల్లలు చూస్తుంటారు. వాళ్లు నేర్చుకునేది ఆ ముద్ద నుంచే.